యర్రా నది ఫీల్డ్‌వర్క్: కొలతలను వురుంజెరి ప్రజల ‘కంట్రీ’తో ఎలా కలిపి రాయాలి?

మెల్‌బోర్న్ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో 8వ తరగతి చదువుతోంది. భూరూపాల పాఠంలో భాగంగా మార్చి నెలలో బడివాళ్ళు పిల్లలను ఒక రోజంతా యర్రా నది వెంట తిప్పారు. పొద్దున కొండల్లో ఉన్న వార్‌బర్టన్ దగ్గర, మధ్యాహ్నం వారండైట్ దగ్గర, చివరగా నగరానికి ఆనుకుని ఉన్న డైట్స్ ఫాల్స్ దగ్గర ఆగారు. ఆగిన ప్రతిచోటా నది వెడల్పు, లోతు, ప్రవాహ వేగం, నీటిలోని మడ్డి, విద్యుత్ వాహకత కొలిచి, గట్టుమీద కూర్చుని కనిపించిన దృశ్యాన్ని గీసుకుని, బొమ్మ పక్కన వివరాలు రాసుకున్నారు.

నివేదికలో రెండు భాగాలు ఉండాలట. మొదటిది కొలతలు, వాటి విశ్లేషణ. రెండవది ఈ నదీ ప్రాంతంతో ఇక్కడి మూలవాసులైన అబోరిజినల్ ప్రజలకున్న అనుబంధం. మొదటి భాగం బాగానే కుదిరింది. రెండవ భాగంలో, వురుంజెరి ప్రజలు వేల సంవత్సరాలుగా ఇక్కడ నివసిస్తున్నారనీ, నది వారికి పవిత్రమనీ, చేపలు పట్టేవారనీ ఒక పేరా రాసింది. టీచరు దాని పక్కన, ‘ఈ పేరాలో నది పేరు మారిస్తే ప్రపంచంలో ఏ నదికైనా సరిపోతుంది కదా’ అని రాసి, తిరిగి రాయమని మూడు వారాల గడువిచ్చారు. ఆ మాట కొంచెం కటువుగా అనిపించినా కాదనలేకపోయాను.

సాయం చేద్దామని, ‘మనకు గోదావరి తల్లి అయినట్టే వాళ్ళకు యర్రా తల్లి అని రాయమ్మా’ అన్నాను. ‘అది మన సంగతి అమ్మా, వాళ్ళ సంగతి కాదు’ అంది. ఇక నాకు ఏం చెప్పాలో తోచలేదు.

నా సందేహాలు మూడు. ఈ రెండు భాగాలనూ నిజంగా కలిపే దారి ఏమైనా ఉందా? ‘కంట్రీ’ అన్న మాటను వురుంజెరి వారు ఏ అర్థంలో వాడుతున్నారు, తెలుగులో పిల్లకు ఏమని వివరించాలి? ఇక మూడవది చిన్న విషయం. డైట్స్ ఫాల్స్ దగ్గర కట్టకు ఎగువన తీసిన నీటికంటే, దిగువన సీసాకు బరువు కట్టి అడుగునుంచి తీసిన నీటిలో వాహకత ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చిందట. మీటరు పాడైందని అనుకుని పిల్లలు ఆ అంకెను కొట్టేశారు. అలా కొట్టేయడం సబబేనా?

భూగోళం టీచర్

అమ్మా, ముందుగా ఆ కొట్టేసిన అంకెను తిరిగి రాసుకోమనండి. మీటరు పాడవలేదు. మీ అమ్మాయి నివేదికకు కావలసిన అసలు కథ ఆ అంకెలోనే ఉంది.

నీటిలో ఉప్పు పెరిగితే వాహకత పెరుగుతుంది. డైట్స్ ఫాల్స్ కట్టకు దిగువన ఉన్న నీరు సముద్రపు పోటుకు లొంగే నీరు. ఉప్పునీరు బరువైనది కాబట్టి మంచినీటి కిందుగా, నది అడుగున నాలుకలాగా ఎగువకు పాకుతుంది. మార్చిలో నదిలో ప్రవాహం తక్కువగా ఉంటుంది కనుక అది ఇంకా లోపలికి వస్తుంది. పైపైన ముంచిన సీసాలో ఇది దొరకదు, అడుగునుంచి తీశారు కాబట్టి దొరికింది. ఇప్పుడు పిల్ల వేసుకోవలసిన ప్రశ్న ఏమిటంటే, ఉప్పునీరు ఇంత దూరం ఎప్పటినుంచి వస్తోంది? నేడు నగరం నడిబొడ్డున క్వీన్ వీధి ఉన్నచోట ఒకప్పుడు నదికి అడ్డంగా నల్లరాతి మెట్టు ఒకటి ఉండేది. సముద్రపు నీరు అక్కడితో ఆగిపోయేది, దానికి ఎగువన ఉన్నదంతా తాగే నీరు. 1835లో వలసవాసులు సరిగ్గా అక్కడే దిగి ఊరు కట్టుకోవడానికి కారణం ఆ మెట్టే. అంతకు ఎంతో ముందునుంచి కూలిన్ ప్రజలు, అంటే వురుంజెరి వారూ వారి ఇరుగుపొరుగు జనాలూ, నదిని దాటే చోటు కూడా అదే. ఓడల రాకపోకలకూ వరద నీరు పోవడానికీ అడ్డమని 1880లలో దానిని పేల్చి తీసేశారు. ఆ తరువాత ఉప్పునీటికి దారి తెరుచుకుని డైట్స్ ఫాల్స్ దాకా వచ్చింది. అంటే మీ అమ్మాయి కొలిచిన వాహకత ఒక రసాయన అంకె మాత్రమే కాదు. వురుంజెరి ప్రజలు దాటే రేవు, తాగే నీటి హద్దు, రెండూ ఒకే దెబ్బకు పోయిన సంగతి ఆ అంకెలో ఉంది. ఈ మాటలు నది పేరు మార్చి వేరే నదికి అతికించలేము.

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇదే. రెండు భాగాలు రాసి తరువాత కలపడానికి ప్రయత్నించవద్దు. ప్రతి కొలతనూ ‘ఇది ఇలా ఎందుకుంది, దీనివల్ల ఎవరికి ఏమి దొరికింది, ఏమి పోయింది’ అని అడిగితే రెండవ భాగం మొదటిదానిలోంచే వస్తుంది. ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఇది కొంచెం పొడవైనది.

డైట్స్ ఫాల్స్ దగ్గర ఒక వైపు నల్లటి బసాల్ట్ రాయి, ఎదుటి వైపు పొరలుపొరలుగా వంగిన పసుపు వన్నె బురదరాతి గుట్ట మీ అమ్మాయి బొమ్మలో ఉండే ఉంటాయి. బురదరాయి 40 కోట్ల సంవత్సరాలకు పైబడినది, సైలూరియన్ యుగపు సముద్రం అడుగున పేరుకున్నది. బసాల్ట్ సుమారు 8 లక్షల సంవత్సరాల క్రితం ఉత్తరం నుంచి వాగు లోయల వెంట దిగి గడ్డకట్టిన లావా. ఆ లావా యర్రా దారికి అడ్డుపడింది. వెనుక నీరు నిలిచి, చిత్తడి ఏర్పడి, ఒండ్రు పేరుకుని హైడెల్‌బర్గ్, బులీన్ ప్రాంతంలో విశాలమైన చదును మైదానం తయారైంది. చదునైన నేలమీద నది మెలికలు తిరుగుతుంది, మెలిక బాగా వంగితే వరదలో నది అడ్డదారి పట్టి ఆ మెలికను వదిలేస్తుంది, వదిలేసిన మెలిక మడుగుగా మిగులుతుంది. ఇక్కడివారు బిల్లబాంగ్ అనేది ఆ మడుగునే. బులీన్‌లో ఉన్న బోలిన్ బోలిన్ అలాంటిదే.

ఆ మడుగుల్లో ఈల్ చేపలు పెరుగుతాయి. పాములాగా పొడవుగా ఉండే ఈ చేప గుడ్లు పెట్టడానికి యర్రానుంచి ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న కోరల్ సముద్రం దాకా పోతుంది. పిల్లలు సముద్ర ప్రవాహాలతో తిరిగి వచ్చి నదులెక్కి మడుగులు చేరి ఏళ్ళ తరబడి కొవ్వు పట్టి, మళ్ళీ సముద్రానికి బయలుదేరుతాయి. వురుంజెరి ప్రజల ఏడు ఋతువుల కాలపట్టికలో మార్చి నెలకు ‘యూక్’ అని పేరు. యూక్ అంటే ఈల్. మీ పిల్లలు నది కొలిచింది ఆ ఋతువులోనే. ఈల్ చేపలు సమృద్ధిగా దొరికే ఆ రోజుల్లో బోలిన్ బోలిన్ దగ్గరికి కూలిన్ ప్రజలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరేవారు. అంతమందికి ఒకేచోట తిండి దొరికితేనే పెళ్ళి సంబంధాలు, తగవుల తీర్పులు, ఉత్సవాలు జరుగుతాయి. లావా అడ్డుపడటం, నేల చదునవడం, మడుగు, ఈల్, జనం కలవడం, ఇదంతా ఒకదాని వెంట ఒకటి వచ్చిన వరుస. ఇందులో భూగోళం ఎక్కడ ఆగింది, అనుబంధం ఎక్కడ మొదలైంది అని నేను గీత గీయలేను. నివేదిక రాసే పిల్ల కూడా గీయనక్కరలేదు.

ఆ వరుస తరువాత తెగింది. మడుగు నిండాలంటే నది పొంగి గట్టు దాటాలి. ఎగువన నగరానికి తాగునీరు మళ్ళించడం మొదలైంది, 1957లో అప్పర్ యర్రా జలాశయం పూర్తయింది, మడుగుల దాకా వచ్చే పొంగులు తగ్గాయి. ఇప్పుడు బోలిన్ బోలిన్‌కు పంపులతో నదినీరు తోడి పోస్తున్నారు, ఎప్పుడు ఎంత పోయాలో నిర్ణయించడంలో వురుంజెరి పెద్దలు కూడా భాగస్వాములు. మీ బడివాళ్ళు ఆగిన మూడు చోట్లలో ఇది లేదు కాబట్టి, ఒక శనివారం మీరే తీసుకెళ్ళి కాలిబాట మీదనుంచే చూపించండి.

‘కంట్రీ’ గురించి. దేశం అని తెలుగు చేస్తే పూర్తిగా తప్పు దారి పడుతుంది, నేల అంటే సగమే వస్తుంది. నేల, నీరు, ఆకాశం, చెట్టు, చేప, పూర్వీకులు, వారి కథలు, ఎవరు ఏది చేయవచ్చు ఏది చేయకూడదు అన్న కట్టుబాటు, ఇవన్నీ కలిసినది కంట్రీ. దానికి మనుషులు చెందుతారు, దాని బాగోగులు చూడవలసిన పూచీ కూడా వాళ్ళదే. ఆ జనం పేరులోనే ఇది ఉంది. వురున్ అంటే నది ఒడ్డున పెరిగే మాన్నా గమ్ అనే తెల్లబోదె యూకలిప్టస్ చెట్టు, జెరి అంటే ఆ చెట్టులో ఉండే పురుగు. తెలుగులో కంట్రీ అనే ఉంచి, ఒకసారి ఇలా విడమరచి చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ధవళేశ్వరం ఇంజనీరు

నేను నీటిపారుదల శాఖలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని, అబ్బాయి దగ్గరకు వచ్చి ఏడాదికి ఆరు నెలలు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. టీచరు గారు చెప్పినదంతా బాగుంది. అయితే కొలతల భాగం ‘బాగానే కుదిరింది’ అని తల్లిగారు అన్నారు కదా, ఆ మాట మీద నాకు కొంచెం అనుమానం.

వేగం ఎలా కొలిచారు? నారింజ పండు వదిలి 10 మీటర్లు ఎంతసేపట్లో దాటిందో చూసి ఉంటారు. 20 సెకన్లు పట్టిందనుకుందాం, అప్పుడు సెకనుకు అర మీటరు అవుతుంది. కానీ అది పైపొర వేగం మాత్రమే. అడుగున, అంచులలో నీరు రాపిడివల్ల నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 0.85తో గుణించి, సెకనుకు 0.42 లేదా 0.43 మీటరు అని రాయాలి. ఆ తరువాత అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే ప్రవాహ పరిమాణం వస్తుంది. వైశాల్యం సరిగా రావాలంటే లోతును నడిమధ్యన ఒక్కచోట కాక, ఒడ్డునుంచి ఒడ్డుకు సమాన దూరాలలో చాలాచోట్ల తీసి ఉండాలి.

ఇంకొక పొరపాటు పిల్లలే కాదు, పెద్దలూ చేస్తారు. వార్‌బర్టన్ దగ్గర రాళ్ళమీద గలగలా నురగలు కక్కుతూ పారే నీరు వేగంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ బండరాళ్ళే దాని శక్తిని తినేస్తాయి. దిగువన లోతుగా, చప్పుడు లేకుండా పోయే నీటి సగటు వేగం చాలాసార్లు దానికి తీసిపోదు. అయితే డైట్స్ ఫాల్స్ ఎగువన కట్ట వెనుక నిలిచిన నీటిలో నారింజ వదిలితే వచ్చేది కట్ట వేగం, నది వేగం కాదు. ఆ కట్ట మొదట 1840లలో పిండిమర తిప్పడానికి కట్టినది. కనుక ఆ అంకె కింద కూడా టీచరు గారు చెప్పినట్టు ఒక చరిత్ర ఉంది. 2010ల ఆరంభంలో కట్టను తిరిగి కట్టినప్పుడు చేపలు ఎగువకు ఎక్కే దారిని కూడా నిర్మించారు. ఈల్ పిల్లలకు ఆ దారి లేకపోయినా తడి రాతిమీద పాకగల నేర్పు ఉన్నది, తక్కిన చేపలకు అంత శక్తి లేదు.

మడ్డి సంగతికి వస్తే, యర్రాను ఇక్కడివాళ్ళు తలకిందులుగా పారే నది అని వేళాకోళం చేస్తారు, బురద పైన, నీళ్ళు కింద అని. ఎగువన అడవులలో నీరు తేటగానే ఉంటుంది. దిగువకు వచ్చేకొద్దీ సన్నని బంకమట్టి రేణువులు కలిసి నీటిలోనే తేలుతూ ఉంటాయి. చెట్లు నరికి పొలాలు చేసి, తరువాత ఇళ్ళు కట్టిన నేలనుంచి అది మరింత వస్తుంది. మూడు చోట్ల మడ్డి అంకెలను పక్కపక్కన పెడితే వలస తరువాతి భూవినియోగం కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కరోజు కొలత ఒక్కరోజుదే. యర్రామీద ఉన్న కొలత కేంద్రాల నీటిమట్టాలు మెల్‌బోర్న్ వాటర్ వారు అందరికీ అందుబాటులో ఉంచుతారు. పిల్ల కొలిచిన రోజు ప్రవాహం ఆ ఏడాదిలో ఎక్కువా తక్కువా అని ఒక వాక్యం రాస్తే చాలు, నివేదిక స్థాయి మారుతుంది. 242 కిలోమీటర్ల యర్రా, 1465 కిలోమీటర్ల గోదావరి ముందు నా కంటికి పెద్ద వాగే. అప్పర్ యర్రా జలాశయంలో పట్టేది మన లెక్కలో 7 టీఎంసీలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు చూసినవాడికి అలాగే అనిపిస్తుంది మరి. కానీ ఆ 7 టీఎంసీలు ఆపినందుకే దిగువ మడుగులు ఎండాయంటే, చిన్న నదికి చిన్న ఆనకట్ట కూడా తక్కువ దెబ్బ కాదని ఒప్పుకోవాలి.

తల్లిగారి గోదావరి పోలిక కొట్టిపారేయవలసినదేమీ కాదు. పుష్కరాలతో కాదు గానీ, పాపికొండల మధ్య ఒడ్డున ఉన్న కొండరెడ్లతో పోల్చవచ్చు కదా? పోలవరం ముంపువల్ల వాళ్ళు వదులుకుంటున్నది ఎకరాల లెక్కకు అందదు.

పరిశోధక విద్యార్థి

ఇంజనీరు గారూ, మీ కొలతల సలహాలన్నీ సరైనవే. పోలిక విషయంలో మాత్రం నేను పాప పక్షాన నిలబడతాను. కొండరెడ్ల విషయం గంభీరమైనదే, దానికి దానిదైన నివేదిక కావాలి. యర్రా నివేదికలో అది ఒక వాక్యంగా వచ్చిపడితే రెండు జనాలకూ న్యాయం జరగదు. ‘మాకూ ఇలాగే’ అన్న వాక్యం రాయగానే, వురుంజెరి వారికే ప్రత్యేకమైనది ఏమిటో వెతకడం ఆగిపోతుంది, మొదటి పేరాకు జరిగింది అదే. పోలిక తప్పనిసరి అనుకుంటే చట్టం దగ్గర తేవచ్చు. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు చట్టబద్ధమైన వ్యక్తి హోదా ఇచ్చింది, ఆ జులైలోనే సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. అదే ఏడాది మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు శాసనసభ యర్రాకోసం చేసిన చట్టం వేరే దారి పట్టింది. నదిని వ్యక్తిగా ప్రకటించకుండా, విడదీయరాని ఒకే సజీవమైన సహజ రూపంగా గుర్తించింది, దాని తరఫున మాట్లాడటానికి, యర్రా అసలు పేరైన బిరారంగ్ పేరిట బిరారంగ్ కౌన్సిల్‌ను ఏర్పరచింది, అందులో వురుంజెరి సంస్థ సూచించిన వారికి కనీసం 2 స్థానాలు కేటాయించింది.

ఆ చట్టం పేరులోనే ‘విలిప్-గిన్ బిరారంగ్ మురొన్’ అని వురుంజెరి వారి భాష అయిన వోయ్‌వురుంగ్ మాటలున్నాయి. బిరారంగ్‌ను బ్రతికి ఉండనివ్వండి అని వాటి అర్థం. విక్టోరియా చట్టాలలో అబోరిజినల్ భాష పేరులోకి ఎక్కిన మొదటిది ఇదే. పీఠికలో వురుంజెరి వారు తమ భాషలో చెప్పిన మాటలు అచ్చయ్యాయి. నది బ్రతికి ఉన్నదనీ, దానికి గుండె ఉన్నదనీ, తామూ నదీ ఈ కంట్రీకే చెందినవారమనీ వారు చెప్పిన సారం. పాపకు ఆధారం కావాలంటే ఇంతకన్నా నమ్మదగినది ఉండదు, ఎందుకంటే వారి తరఫున మరెవరో రాసినది కాదు, వారే అన్నది.

యర్రా అన్న పేరే ఒక పొరపాటు. 1835లో జాన్ హెల్డర్ వెడ్జ్ అనే సర్వేయరు, నీరు దూకి పారుతున్న తీరును గురించి స్థానికులు అన్న మాటను నది పేరనుకుని రాసుకున్నాడు. నది పేరు బిరారంగ్, పొగమంచు, నీడల నది అని దానికి అర్థం చెబుతారు. క్షేత్ర పుస్తకంలో ప్రతి చోటుకూ రెండు పేర్లూ రాసుకోవచ్చు. డైట్స్ ఫాల్స్ దగ్గర యర్రాలో కలిసే వాగు పేరు మెర్రీ, దాని మూలరూపానికి అర్థం రాళ్ళు. అక్కడి బసాల్ట్‌ను మీ పాప గీసింది కదా, ఆ రాయి పేరులోనే ఉంది.

నాకున్న అసలు అభ్యంతరం వేరే. పాప రాసిన పేరాలో ‘చేపలు పట్టేవారు’ అన్న భూతకాలం ఉంది. ఇక్కడ తెలుగు పిల్లలే కాదు, అందరూ చేసే తప్పు ఇది. హీల్స్‌విల్ దగ్గర, బ్యాడ్జర్ వాగు యర్రాలో కలిసే చోటికి చేరువగా 1863లో కొరాండర్క్ అనే అబోరిజినల్ ప్రజల స్థావరం ఏర్పడింది. అక్కడ విలియం బరాక్ నాయకత్వంలో వురుంజెరి వారు భూమి సాగుచేసి, దానిని తమ చేతుల్లోంచి లాక్కోవద్దని అర్జీలు పెట్టి, మెల్‌బోర్న్ దాకా నడిచి వెళ్ళి మంత్రులను కలిశారు. 1881లో విచారణ జరిగింది. చివరికి 1924లో స్థావరాన్ని మూసేశారు, అయినా జనం ఎక్కడికీ పోలేదు. నేడు ఆ వారసుల సంస్థకే ఈ ప్రాంతపు వారసత్వ స్థలాల మీద 2006 నాటి చట్టం ప్రకారం అధికారిక హోదా ఉంది, వారి నారాప్ బృందం నది ఒడ్డున నేల బాగుచేసే పని చేస్తోంది. అందుచేత ‘చేస్తున్నారు’ అన్న వర్తమానం తప్పనిసరిగా ఉండాలి.

తెలుగులో ‘ఆదిమజాతి’ అని మాత్రం రాయకండి. ఆ మాటలో వెనుకబాటు ధ్వనిస్తుంది. వీలైనచోట వురుంజెరి వోయ్‌వురుంగ్ అని జనం పేరే రాయడం మర్యాద.

కథల విషయం. పైన మైదానంలో నిలిచిపోయిన నీటికి బార్‌వూల్ అనే పెద్దాయన రాతి గొడ్డలితో దారి తవ్వాడన్న కథ అచ్చులో ఉన్నది, బయటివారికి తెలిసినది. యర్రా గ్లెన్ దగ్గరి విశాలమైన మైదానమూ, దాని కింద వారండైట్ దగ్గర కొండలను కోసుకుంటూ పోయే ఇరుకు లోయా చూసినవారికి ఆ కథ ఆ నేలను ఎంత సూక్ష్మంగా చూసినవారిదో అర్థమవుతుంది. దానిని ప్రస్తావించవచ్చు, ఎవరి కథో చెప్పాలి, కల్పించి పెంచకూడదు. అచ్చులో లేని కథలను ఎక్కడో విన్నామని రాయకూడదు. అలాగే పూర్వం వురుంజెరి వారు బెరడు తీసిన మచ్చలున్న పాత చెట్టు కనబడితే ముట్టుకోకుండా, అది ఉన్నచోటును పటంలో గుర్తించకుండా వదిలేయడం మేలు. పటం మాట వచ్చింది కాబట్టి, అబోరిజినల్ ప్రజల గురించి అధ్యయనం చేసే జాతీయ సంస్థ అయాట్సిస్ వారి రంగురంగుల భాషా పటాన్ని పాప వాడుకోవచ్చు గానీ, దానిలోని రంగుల అంచులను సరిహద్దు గీతలుగా చదవకూడదు.

మెల్‌బోర్న్ అమ్మ

అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ ఇద్దరం కూర్చుని చదువుకున్నాము. పోలిక విషయంలో నేను ఓడిపోయాను, ఇంజనీరు గారు కూడా నాతో పాటే ఓడిపోయారని మా అమ్మాయి తీర్పు.

శనివారం బోలిన్ బోలిన్ వెళ్ళి వచ్చాము. పక్కనే కార్లు హోరుమంటూ పోయే రోడ్డు, దానికి కొద్ది అడుగుల దూరంలో పెద్ద పెద్ద చెట్ల మధ్య ఆ మడుగు. ఇన్నేళ్ళుగా ఆ దారినే వెళుతున్నా అక్కడ అలాంటిది ఉందని నాకు తెలియదు. అమ్మాయి కాలిబాట మీదనుంచే బొమ్మ గీసుకుంది, నదికీ మడుగుకూ మధ్య నేల ఎత్తు ఎంత ఉంటుందో కంటితో అంచనా వేసి, నది ఎంత పొంగితే లోపలికి వస్తుందో అని ఆలోచించింది. ఆ ఎత్తును ఎలా కొలవాలని అడుగుతోంది.

ఇప్పుడు నివేదికను రెండు భాగాలుగా కాక మూడు అంకెల చుట్టూ రాస్తానంటోంది. డైట్స్ ఫాల్స్ కింది వాహకత, ఎగువనుంచి దిగువకు మడ్డి, మడుగుకూ నదికీ మధ్య ఎత్తు. కొరాండర్క్‌ను ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు, దానికి కొలత ఏదీ లేదు కదా. వదిలేయవచ్చా?

భూగోళం టీచర్

వదిలేయకండి. వార్‌బర్టన్‌నుంచి వారండైట్‌కు నది దిగే దారిలోనే ఆ ప్రాంతం ఉంది, కాబట్టి ఎగువ, దిగువ మడ్డి అంకెల మధ్య ఉన్న దూరంలో పొలాలూ మేతభూములూ ఎలా వచ్చాయి, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాయి అన్న వివరణగా అది సహజంగానే ఇముడుతుంది. ఒక పటం మీద మూడు కొలత స్థలాలనూ, కొరాండర్క్‌నూ, బోలిన్ బోలిన్‌నూ గుర్తిస్తే చూసేవారికి వెంటనే తెలుస్తుంది.

ధవళేశ్వరం ఇంజనీరు

తీర్పు శిరసావహిస్తాను. ఎత్తు కొలవడానికి పారదర్శకమైన సన్నని గొట్టంలో నీరు నింపి రెండు కొసలు పట్టుకుంటే చాలు, రెండు వైపులా నీటిమట్టం సమానంగా నిలుస్తుంది, మన తాపీ మేస్త్రీలు పునాది సమం చూసుకునే పద్ధతి అదే. అయితే గట్టు దిగి నీటి దాకా పోనవసరం లేదు, బాట మీదనుంచి ఎంత వీలైతే అంతే కొలవమనండి. మిగిలిన ఎత్తును ప్రభుత్వ పటంలోని సమోన్నత రేఖలనుంచి తీసుకుని, ఏది తాను కొలిచినది, ఏది పటంనుంచి తీసుకున్నది అని విడివిడిగా రాయమనండి.

మెల్‌బోర్న్ అమ్మ

గొట్టం గరాజులో ఉంది అండీ, చేపల తొట్టి నీళ్ళు మార్చడానికి కొన్నది. వచ్చే శనివారం వాన లేకపోతే వెళతాము.